ఉల్క “పడింది” అనాలా, “ఆరింది” అనాలా?

ప్రశ్న: అగ్నిగోళాన్ని (బాగా మెరిసే పెద్ద ఉల్కను) చూసినవాళ్ల నుంచి వివరాలు రాబట్టే పత్రం తెలుగులో తయారుచేయాలి. మొదటి ప్రశ్న “ఉల్క ఎటు పడింది?” అని ఉంది. ఈ మాట సరేనా? నేల మీది రాయిని కూడా ఉల్క అనొచ్చా?

జవాబు: “పడింది” తీసేయండి. రాలిన రాయి కోసం వెతుకులాట దారి తప్పేది ఆ ఒక్క క్రియతోనే. వెలుగు నేలదాకా రాదు, మామూలుగా 20–30 కి.మీ. ఎత్తులోనే ఆరిపోతుంది. ఆ తర్వాత రాయి వెలుగు లేకుండా, గాలికి కొట్టుకుపోతూ కొన్ని నిమిషాలు దిగుతుంది. చెయ్యి పూర్తిగా చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేలగీతకు (నింగీ నేలా కలిసినట్టు కనబడే గీతకు) పిడికిలిన్నర ఎత్తున ఆరిందనుకోండి. ఆరిన ఎత్తు 25 కి.మీ. అయితే అది మీకు 90 కి.మీ. పైనే దూరం. చూసినవాళ్లేమో “ఆ కొండ వెనకే పడింది” అంటారు! అందుకే “ఎక్కడ ఆరింది?” అని అడగండి. చూసిన చోటే మళ్లీ నిలబెట్టి దిక్కు, ఎత్తు కొలిపించండి.

మరో జవాబు: “వెంటనే ఢాం అంది” కూడా పనికిరాని వాక్యమే. శబ్దం కిలోమీటరు దాటడానికి 3 సెకన్లు పడుతుంది. నడినెత్తిన 30 కి.మీ. పైన పేలినా నిమిషంన్నర తర్వాతే వినబడాలి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో ఉల్క పేలినప్పుడు, వెలుగు చూసి కిటికీల దగ్గరికి వచ్చినవాళ్ల మీద, రెండు నిమిషాలు దాటాక అద్దాలు పగిలిపడ్డాయి. “వెలుగు తర్వాత ఎన్ని సెకన్లకు?” అని అంకె అడగండి.

ఇంకో జవాబు: సంస్కృతంలో ఉల్క అంటే కొరివి. కాబట్టి ఆ పేరు వెలుగుకే ఉంచడం న్యాయం. దొరికిన రాయి ఉల్కాశకలం. ఉల్కాశిల అనీ రాస్తారు గానీ ఇనుపవీ ఉన్నాయి కనుక నా ఓటు శకలానికే. ఉల్కాపాతం వద్దు, పత్రికలు ఆ మాటను ఆగస్టులో రాలే పెర్సీడ్లకు వాడేశాయి. అవి దుమ్మురేణువులు, వాటి కోసం నేల మీద వెతికి లాభం లేదు.

మొదటి జవాబిచ్చినవారు: శకలాలు చెల్లాచెదురైన చోటును “రాలిన మేర” అందామా? అది పొడవాటి కోలాకారంలో ఉంటుంది. తేలికవి దారిలో ఇవతలే రాలతాయి, బరువైనవి ప్రయాణదిశలో ఇంకా ముందుకు పోతాయి. గాలి చిన్నవాటినే ఎక్కువగా పక్కకు నెడుతుంది.

ప్రశ్న వేసినవారు: రాలిన మేర బాగుంది. రాయి పోలికలకు “కాలిన నల్లరాయి” అని రాస్తే చాలా?

జవాబు: చాలదు, చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) కుప్పలు తెచ్చిపెడతారు. “పలుచని నల్లపెంకు, పెచ్చు లేచినచోట లోపల లేతబూడిద రంగు” అని రాయండి. పెంకు మందం చాలావరకు మిల్లీమీటరు లోపే. విరిగినచోట బుడగల తొర్రలు కనబడితే అది చిట్టెమే. మెరుగులేని పింగాణీ మీద గీసినప్పుడు ఎర్రటి చార పడితే హెమటైట్, నల్లటి చార పడితే మాగ్నటైట్; రెండూ మామూలు ఇనుప ఖనిజాలే. తాజా శకలం దాదాపు చారే పెట్టదు. “అయస్కాంతం ఆనించి చూడండి” అని మాత్రం రాయకండి, రాయిలో నిక్షిప్తమైన పాత అయస్కాంతపు ముద్ర చెరిగిపోతుంది. దిక్సూచిని దగ్గరికి తెచ్చి ముల్లు కదలిక చూస్తే చాలు. “కడగండి” అనీ వద్దు, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పక్కన స్కేలు పెట్టి ఉన్నచోటే ఫొటో, జీపీఎస్ అంకెలు, చేతులు తగలకుండా అల్యూమినియం రేకులో చుట్టడం: ఈ వరుసలో చెప్పండి.

ప్రశ్న వేసినవారు: కొండ అడ్డమొచ్చి ఆరడం కనబడకపోతే?

జవాబు: అప్పుడు “మరుగైంది” అని వేరే గడి పెట్టండి. మరుగైన చోటు ఎత్తును ఆరిన ఎత్తుగా లెక్కకట్టకూడదు. దిక్కు మాత్రం పనికొస్తుంది.