'జోవియల్' అన్న మాట ఎక్కడిది? నాన్న సన్మాన పత్రంలో ఉంది

పర్లాకిమిడి అమ్మాయి:
మా నాన్న పోయిన నెల రిటైరయ్యారు. ఆఫీసువాళ్లు శాలువా కప్పి, ఇంగ్లీషులో సన్మాన పత్రం ఫ్రేము కట్టించి ఇచ్చారు. అందులో మూడు చోట్ల 'జోవియల్' అని ఉంది. ఎప్పుడూ నవ్వుతూ సరదాగా ఉండే మనిషి అని అర్థం చెప్పగానే అమ్మ, "ఎవరి గురించే ఇది?" అంది. ఇంట్లో నాన్న నోట మాట రావాలంటే కరెంటు పోవాలి మరి. తమ్ముడేమో జాలీ, జోవియల్ ఒకే మాట అంటాడు. నిజమేనా?

బరంపురం మాస్టారు:
కాదమ్మా. జాలీ పాత ఫ్రెంచి 'జోలిఫ్' నుంచి వచ్చింది. జోవియల్‌లో ఉన్నది జోవ్, అంటే రోమన్ల దేవుడు జూపిటర్. ఆయన పేరే గురుగ్రహానికీ పెట్టారు. ఆ గ్రహబలంతో పుట్టినవాడు తాను నవ్వుతూ నలుగుర్నీ నవ్విస్తాడని అక్కడి జ్యోతిష్కుల నమ్మకం. లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి దిగింది. మన జాతకాల్లోనూ గురుడు శుభగ్రహమే. కాకపోతే మనం ఆయనకి చదువు, సంతానం, పుష్కరాలు అప్పజెప్పాం, నవ్వు సంగతి మరిచిపోయాం.

ఇంకో ముచ్చట. జూపిటర్ అన్న పేరు ఋగ్వేదంలోని 'ద్యౌష్పితా'కి చుట్టం. రెండూ ఆకాశాన్ని తండ్రిగా పిలిచే పేర్లే. బృహస్పతితో ఆయన కలిసేది గ్రహం దగ్గరే, పేరులో కాదు.

రాయగడ కోడలు:
అయితే గురువారం అందరూ జోవియల్‌గా ఉండాలి కదా మాస్టారూ! మాకు ఆ రోజు లక్ష్మివారం. పక్కింటి ఒడియావాళ్లని చూసి మా అత్తగారు కూడా మార్గశిరంలో మాణబసా గురుబార, అంటే గురువారాల లక్ష్మీపూజ చేస్తారు. తెల్లారకముందే లేచి, గుమ్మం నుంచి ధాన్యం పోసిన మాణ (కొలపాత్ర) దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వెయ్యాలి. పోయినేడు నిద్రమత్తులో ఒక పాదం వీధివైపు తిరిగేలా వేసేశాను. లక్ష్మిని బయటికి పంపేశానని సాయంత్రం దాకా ఆవిడ నాతో మాట్లాడితే ఒట్టు.

బరంపురం మాస్టారు:
దానికీ మాటుంది. శనిగ్రహం పేరు మీద 'సాటర్నైన్' అంటే ముభావి. బుధుడి పేరు మీద 'మెర్క్యురియల్', ఘడియకో బుద్ధి. మీ అత్తగారికి మాత్రం చెప్పకండి.

పర్లాకిమిడి అమ్మాయి:
మీ జవాబు చూసి అమ్మ బీరువాలోంచి నాన్న జాతకం తీయించింది. లగ్నంలో శని ఉన్నాడు. గురుడు పదో ఇంట, అంటే ఉద్యోగస్థానంలో. "అదీ సంగతి. నవ్వంతా ఆఫీసులోనే ఖర్చు పెట్టేసి వచ్చేవారు" అంది అమ్మ. నాన్న పేపరు దించకుండానే "ఊఁ" అన్నారు.