నక్షత్రం కంపనాలను బట్టి దాని వయసు చెప్పొచ్చా?

కావలి మాస్టారు: నిన్న ఎనిమిదో తరగతిలో కెప్లర్-444 అనే నక్షత్రం గురించి చెప్పాను. 117 కాంతి సంవత్సరాల దూరం, చుట్టూ భూమికన్నా చిన్న గ్రహాలు ఐదు, వయసు 1120 కోట్ల ఏళ్లు. నక్షత్రం లోపల తిరిగే ధ్వని తరంగాలతో ఆ వయసు లెక్కగట్టారు. సాయంత్రం ఒక పిల్లవాడి నాన్న బడికొచ్చి, పిల్లలకు అబద్ధాలు చెప్పొద్దన్నాడు. నేను చెప్పింది తప్పా?

సింగరాయకొండ శీను: శూన్యంలో శబ్దం ప్రయాణించదని చెప్పేది మీరే కదా సార్. మరి అక్కడి శబ్దం ఇక్కడికెట్లా వచ్చింది?

కావలి మాస్టారు: శబ్దం రాలేదు శీనూ, వెలుగు వచ్చింది. లోపల వాయువు కుతకుతలాడుతుంటే నక్షత్రం మొత్తం గంటలా కంపిస్తుంది, దాంతో వెలుగు పది లక్షల్లో కొన్ని వంతులు పెరిగి తగ్గుతుంది. అంతరిక్షంలోకి పంపిన కెప్లర్ టెలిస్కోపు కొలిచింది ఆ మినుకును. సూర్యుడిలో ఒక్కో ఊపుకు సుమారు ఐదు నిమిషాలు. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో మీటి చూసేది, పెద్ద కాగు బొంగురుగా పలికేది, చిన్న ముంత సన్నగా. ఇదీ అంతే, నక్షత్రంలో ఒక్కో కంపనం ఒక్కో స్వరం అనుకో. పక్కపక్క స్వరాల మధ్య ఎడం సూర్యుడిలో సుమారు 135 మైక్రోహెర్ట్జ్ (సెకనుకు ఒక ఊపు అంటే హెర్ట్జ్, అందులో పది లక్షలో వంతు మైక్రోహెర్ట్జ్), నక్షత్రం సాంద్రత ఎక్కువైతే ఆ ఎడం పెరుగుతుంది. దానికి ఉష్ణోగ్రత లాంటి ఇతర కొలతలు కలిపితే పరిమాణం వస్తుంది. ఇక వయసంటారా, నడిబొడ్డున హైడ్రోజన్ తరిగి హీలియం పేరుకునే కొద్దీ అక్కడ ధ్వని వేగం మారుతుంది, కొన్ని స్వరాల మధ్య ఉండే చిన్న ఎడం తగ్గుతుంది.

సింగరాయకొండ శీను: మరి పేపర్లో 'నక్షత్రం పాట విన్నారు' అని ఎందుకు రాస్తారు? నాకు దానికి జవాబు కావాలి.

కొత్తపట్నం వాణి: శీనన్నా, మాటను పట్టుకుని వేలాడకు, లెక్క చూడు.

ఉలవపాడు రామన్న: లోపలి గుర్తులు చూసి వయసు చెప్పడమంటే నాకు ఒళ్లు మండుతుంది. మా తమ్ముడు అండర్-16 కబడ్డీకి వెళితే మణికట్టు ఎక్స్‌రే తీసి 'వయసు దాటింది' అని ఒక్క ముక్క రాసి పంపేశారు. వాడు పుట్టిన రోజు మంత్రసాని పక్కన దీపం పట్టుకుని నిలబడ్డది నేను. వాడు మళ్లీ కూతకు వెళ్లలేదు.

కావలి మాస్టారు: బాధ అర్థమైంది, కానీ ఎముకలకూ నక్షత్రాలకూ ఏం పోలిక? ఉల్కల్లో యురేనియం, సీసం లెక్కతో సూర్యుడి వయసు 457 కోట్ల ఏళ్లని తేలింది. కంపనాలతో విడిగా కట్టినా దాని దగ్గరికే వచ్చింది. తెలియని విషయంలో కోపం తెచ్చి కలపకండి.

ఉలవపాడు రామన్న: తెలియకుండా మాట్లాడట్లేదు. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చని సుప్రీంకోర్టే 1982లో చెప్పింది. ఆ రెండేళ్లు మా వాడి కాగితంలో ఎవరూ రాయలేదు. మీ 1120 కోట్లకు అటూ ఇటూ ఎంత? పిల్లలకు అది చెప్పారా లేదా?

కావలి మాస్టారు: చెప్పలేదు.

కావలి మాస్టారు: రాత్రి ఆ లెక్క మళ్లీ చూశాను. అటూ ఇటూ 100 కోట్ల ఏళ్లు. నక్షత్రం అడ్డుకొలత సూర్యుడిలో 0.75 వంతు, అందులో తేడా రెండు శాతం లోపే. పరిమాణాన్ని స్వరాలు దాదాపు నేరుగా చెప్తాయి, వయసుకు మాత్రం నక్షత్రం ఎట్లా ముదురుతుందో కట్టిన నమూనా మీద ఆధారపడాలి, అందుకే ఆ తేడా. అయినా రామన్నా, తక్కువలో తక్కువ 1020 కోట్లు అనుకున్నా సూర్యుడి వయసుకు రెండింతలకు పైనే. ఆ నక్షత్రం పాతదనడం అబద్ధం కాదు. అది మాత్రం ఒప్పుకోను.

ఉలవపాడు రామన్న: పాతది కాదని నేనూ అనలేదు మాస్టారూ. ఆ 100 కోట్లు కూడా బోర్డు మీద రాయమంటున్నా, అంతే.

కావలి మాస్టారు: సోమవారం మొదటి పీరియడ్ నాదే. రాస్తాను. ఆ పిల్లవాడి నాన్ననూ రమ్మంటాను.