ఫార్మాల్డిహైడ్ గ్రూప్ 1 అంటే క్యాన్సర్ వచ్చేస్తుందనేనా?

ప్రశ్న: మా తమ్ముడు ప్లైవుడ్ ఫ్యాక్టరీలో హాట్ ప్రెస్ (జిగురు పూసిన చెక్క పొరలను వేడితో నొక్కే యంత్రం) మీద రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. జిగురులో యూరియా ఫార్మాల్డిహైడ్ ఉంటుందట, ప్రెస్ తెరవగానే కళ్లు భగ్గున మండి నీళ్లు కారతాయి, కాసేపటికి అలవాటైపోతుంది అంటాడు. ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) ఫార్మాల్డిహైడ్‌ని గ్రూప్ 1లో పెట్టిందని చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఉద్యోగం మానేయమని చెప్పాలా?

జవాబు 1: ఫ్యాక్టరీల్లో గాలి కొలిచే పని నాది. గ్రూప్ 1 అంటే ఈ పదార్థం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం గట్టిగా ఉందని, అంతే. మీ తమ్ముడికి ప్రమాదం ఎంతో అది చెప్పదు. ఎండ, సిగరెట్, మద్యం కూడా అదే గ్రూపులో ఉన్నాయి, మూడూ ఒకటే అని ఎవరూ అనరు కదండీ. ఎంత పీల్చాడు, ఎన్నాళ్లు పీల్చాడు అన్నదే అసలు సంగతి. ఎలుకల మీద చేసిన ప్రయోగంలో సుమారు 14 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 14 వంతులు) దగ్గర దాదాపు సగం వాటికి ముక్కులో క్యాన్సర్ వచ్చింది, 6 దగ్గర వందకు ఒకటి, 2 దగ్గర ఒక్కదానికీ రాలేదు. అలాగని 2 వరకు మనకు ఫరవాలేదని కాదు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ పెట్టిన పరిమితి 8 గంటల సగటు 0.75 పీపీఎం, ఏ పావుగంటలోనూ 2 దాటకూడదు. ఎక్కడో గోడకు పెట్టిన మీటరు కాదు, చొక్కా కాలర్‌కు తగిలించే, గాలి కొలిచే బ్యాడ్జి పెట్టించమనండి, ముక్కు దగ్గర గాలి తెలియాలి.

జవాబు 2: నేను పాథాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు ఫార్మలిన్‌తో (నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్) పనిచేశాను. 'అలవాటైపోయింది' అన్న మాట దగ్గరే జాగ్రత్త పడండి. వాసనకు ముక్కు మొద్దుబారుతుంది, గాలిలో ఉన్నది మాత్రం తగ్గదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఫార్మాల్డిహైడ్‌కి పనికొచ్చే కార్ట్రిడ్జ్ (ఆవిరిని పట్టేసే ఫిల్టర్ డబ్బా) ఉన్న మాస్కు కావాలి, అంతకన్నా ముందు ప్రెస్ పైన ఆవిరిని లాగేసే ఫ్యాను కావాలి. రక్త పరీక్షకు డబ్బు పోయకండి, ఇది మన ఒంట్లోనే కొంత తయారవుతుంది, పీల్చింది నిమిషాల్లో విరిగిపోతుంది. ఒకటి మాత్రం దాచను: 2004లో ముక్కు వెనక భాగం క్యాన్సర్‌కే ఐఏఆర్‌సీ గట్టి ఆధారం ఉందంది, 2009లో రక్త క్యాన్సర్‌ను కూడా కలిపింది, దాని మీద మాత్రం నిపుణులు అందరూ ఏకాభిప్రాయానికి రాలేదు.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఇప్పుడే వాడిని అడిగాను. ఒకసారి కొలిచారట, మేనేజర్ గది గుమ్మం దగ్గర. ఫ్యాను ఉందట కానీ ప్రెస్‌కి ఎదురుగా, అంటే ఆవిరి వాడి మీదకే వస్తుందన్నమాట. మాస్కు గుడ్డదే.

జవాబు 1: గుమ్మం దగ్గర కొలిచింది లెక్కలోకి రాదు. ఫ్యాను మార్చడం రేపే చేయగల పని, ముందు అది అడగమనండి. కొలిచేటప్పుడు 8 గంటల సగటు ఒక్కటే చాలదు, ప్రెస్ తెరిచే పావుగంట విడిగా కొలవమనండి, కళ్లు మండుతున్నది అప్పుడే కదా. అంకె వచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.