అప్‌డేట్: దిక్సూచి ఉత్తరానికి బదులు దక్షిణం చూపించడం – పరిష్కారమైంది

లండన్‌లోని పోర్టబెల్లో రోడ్ సంతలో కొన్న విక్టోరియన్ (విక్టోరియా రాణి కాలం నాటి) జేబు దిక్సూచి తిరగబడి చూపిస్తోందని, మధ్యమధ్యలో బిగుసుకుపోతోందని ఇక్కడ అడిగాను కదా. నకిలీ అయ్యుండొచ్చని, ఇంట్లో ఇనుము ప్రభావమని, మళ్లీ అయస్కాంతీకరించమని రకరకాలుగా చెప్పిన వాళ్లందరికీ థాంక్స్.

పాత పరికరాలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. డయల్ సింగర్ అనే ఆయన 1861లో పేటెంట్ పొందిన రకం: చీకట్లో కనిపించేలా ఉత్తరం సగం నలుపు, దక్షిణం సగం తెలుపు. సూది డయల్ అడుగునే అతికి ఉండటంతో మొత్తం కలిసే తిరుగుతుంది. ఎప్పుడో బలమైన అయస్కాంతం పక్కన పెట్టి ఉంటారు, ధ్రువాలు తారుమారయ్యాయి. ఆయన డయల్ ఊడదీసి, అయస్కాంతం దక్షిణ ధ్రువంతో సూది ఉత్తర కొనను మధ్య నుంచి చివరికి, ఒకే వైపుగా రుద్దారు. అంతే! "మళ్లీ అయస్కాంతీకరించు" అన్నవాళ్ల మాటే నెగ్గింది.

బిగుసుకుపోవడం వేరే గొడవ. మూత వేస్తే డయల్‌ను పైకెత్తి పట్టాల్సిన చిన్న మీట వంగిపోయింది. దాంతో జేబులో ఉన్నంతసేపూ డయల్ ఊగుతూనే ఉండి, అది ఆనుకుని తిరిగే మధ్యనున్న మొన అరిగి మొద్దుబారింది. మీట సరిచేసి, మొనకు పదును పెట్టారు. లెన్స్‌లో చూస్తే ముందు గుండుసూది తలలా ఉన్నది ఇప్పుడు ముల్లులా ఉంది.

నకిలీ అన్న అనుమానం, ఇంట్లో ఇనుము ప్రభావం, రెండూ కాదని తేలింది. ఇత్తడికి పాలిష్ మాత్రం పెట్టించలేదు, ఆ పాత రంగే నాకిష్టం.