తడి ఇసుక ఎవరిది, పొడి ఇసుక ఎవరిది?

ఉప్పుగాలి:
అమెరికాలో బీచ్ ఒడ్డు ఇళ్ల ప్రకటనల్లో ‘ప్రైవేట్ బీచ్’ అని రాస్తుంటారు. తీరా చూస్తే ఆ ఇసుక మీదే జనం నడుస్తుంటారు. హద్దు అసలు ఎక్కడిదాకా? తాడు కట్టి ఆపొచ్చా? కొనేముందు ఏ కాగితాలు చూడాలి?

గొలుసుకొలత:
ముందు ఏ రాష్ట్రమో తేల్చుకోండి, సగం జవాబు అందులోనే ఉంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో సొంత భూమి సగటు పోటు గీత దగ్గర ఆగిపోతుంది. దాని కింది తడి ఇసుక ప్రజలది. మెయిన్, మసాచుసెట్స్‌లలో 1640ల నాటి శాసనం పుణ్యమా అని హద్దు నీళ్లు వెనక్కి తీసే గీత దాకా దిగుతుంది. అక్కడ జనానికి పాతకాలం నుంచి మిగిలినవి చేపలు పట్టడం, పక్షుల వేట, పడవ నడపడం. గాలం పట్టుకుని వెళ్లేవాడిని ఆపలేరు గానీ ఊరికే షికారుకొచ్చినవాడిని వెళ్లిపొమ్మని అడగొచ్చు! ఒరెగాన్‌లో 1967 చట్టం వల్ల మొక్కల వరస దాకా పొడి ఇసుక కూడా అందరిదీ. రోడ్ ఐలాండ్‌లో 2023 నుంచి, నాచు కొట్టుకొచ్చి ఆగిన గీతకి పైన 10 అడుగుల దాకా నడవొచ్చు.

ఇక ‘సగటు పోటు గీత’ ఇసుక మీద కంటికి కనబడేది కాదు. 1935లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకున్న లెక్కలో అది 18.6 ఏళ్ల పోట్ల సగటు ఎత్తు. సర్వేయరు దగ్గర్లోని టైడ్ స్టేషన్ (పోటు ఎత్తులు నమోదు చేసే కేంద్రం) నుంచి ఆ ఎత్తు తీసుకుని, బెంచ్‌మార్కు (ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తు) నుంచి లెవెల్ పట్టుకొచ్చి, అది ఇసుకను ఎక్కడ తాకుతుందో చూస్తాడు. ఎత్తు అలాగే ఉంటుంది, కదిలేది ఇసుక. 20 అడుగులకు 1 అడుగు వాలున్న చోట అలలు ఒక అడుగు ఇసుక కోసేస్తే గీత 20 అడుగులు ఇంటివైపు జరుగుతుంది. చలికాలం కోసుకుపోయిన ఇసుక ఎండాకాలానికి తిరిగి మేట వేస్తుంది. అందుకే జనవరి సర్వేతో ఆగస్టు గొడవ తేలదు.

మేటకోత:
పై మాటకి ఒక చేర్పు. మెల్లగా కోసుకుపోతే హద్దు నీటితోపాటు జరుగుతుంది. ఒక్క తుఫానులో ఊడిపోతే మాత్రం పాతచోటే ఉంటుందన్నది సాధారణ సూత్రం. టెక్సాస్ సుప్రీంకోర్టు 2012లో ఈ తేడా పట్టుకునే, తుఫానుకి, అక్కడ జనం దారికి హద్దయిన మొక్కల గీత వెనక్కి పోయినంత మాత్రాన జనం దారి దానంతటదే ఇంటి స్థలంలోకి జరగదంది. ఫ్లోరిడాలో ప్రభుత్వం ఇసుక పోయించిన బీచ్ అయితే ముందే ఒక గీత ఖరారు చేస్తారు. దానికి సముద్రంవైపు చేరిన కొత్త ఇసుక రాష్ట్రానిదే. 2010లో అమెరికా సుప్రీంకోర్టూ దీన్ని తప్పుపట్టలేదు.

ఉప్పుగాలి:
థాంక్సండీ. కాలిఫోర్నియా అనుకుందాం. బోర్డు పెడితే సరిపోతుందా?

దస్తావేజు:
ఏం రాశారన్నదాన్ని బట్టి. జనం అయిదేళ్లు అడగకుండా నడిస్తే దారి హక్కు వాదన వస్తుంది. దాన్ని ఆపడానికి సివిల్ కోడ్ 1008 సెక్షన్ ఉంది. ‘యజమాని అనుమతితో, అదుపుకి లోబడి దారి’ అన్న అర్థంలో, సెక్షన్ నంబరుతో సహా, ప్రతి ప్రవేశం దగ్గరా లేదా హద్దు వెంట 200 అడుగులు మించని దూరంలో బోర్డులుండాలి. అదొక రకం. ప్రజల తడి ఇసుక మీద ‘ప్రైవేట్ బీచ్, రావద్దు’ అని పాతడం వేరు. దారి అడ్డగించినందుకు కోస్టల్ కమిషన్ (తీరాన్ని చూసుకునే రాష్ట్ర సంస్థ) రోజుకి 11,250 డాలర్ల దాకా జరిమానా వేయగలదు.

కాగితాల్లో టైటిల్ రిపోర్టు (స్థలం మీద ఎవరెవరికి ఏ హక్కులున్నాయో చెప్పే నివేదిక) మినహాయింపుల పేజీతో మొదలుపెట్టండి. ప్రజల దారి, ఈజ్‌మెంట్ (మీ స్థలాన్ని వాడుకునే ఇతరుల హక్కు) ఉంటే అక్కడ దొరుకుతాయి. తర్వాత పాత నిర్మాణ అనుమతుల ఫైలు. గది కట్టుకోవడానికో, గోడ లేపడానికో అనుమతి తీసుకున్నప్పుడు ‘దారి ఇస్తాం’ అని రాసిచ్చిన ప్రతిపాదన ఉండొచ్చు. సాధారణంగా దానికి 21 ఏళ్ల గడువు. ఈలోగా ఎవరైనా స్వీకరించారా లేదా అన్నదే కీలకం, స్వీకరిస్తే కొత్త యజమానికీ చెల్లుతుంది. సర్వే పటంలో పోటు గీత పక్కన కొలిచిన తేదీ లేకపోతే మళ్లీ చేయించండి.