సబ్‌మెరైన్‌లో చెప్పింది పట్టేస్తాడు, పుస్తకం తీస్తే ఫ్యాన్ చూస్తాడు. ఏం చేయాలి?

నమస్తే అండి. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, పెన్సిల్ కొన కొరుకుతూ ఫ్యాన్ వంక చూస్తుంటాడు. పిలిచినా పలకడు. చెవులు కూడా చూపించాం, బాగానే ఉన్నాయన్నారు.

పోయిన ఆదివారం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి తీసుకెళ్లాం. గైడ్ హడావిడిగా ఒక్కసారి చెప్పిందే వీడు పట్టేశాడు: టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. బయటికి రాగానే "మొత్తం పది కదమ్మా" అన్నాడు. అదే 6+4 ఇంట్లో ఇస్తే అరగంట! మా అత్తగారేమో "పొగరు, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంటారు. నాకు మనసొప్పదు.

ఏడెనిమిది నెలల పసిపిల్లలు కూడా మరీ తేలికైనవాటి నుంచీ, మరీ గజిబిజిగా ఉన్నవాటి నుంచీ చూపు తిప్పేసుకుంటారని సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలి బృందం 2012లో చూపించిందట, చదివాను. మరి మావాడికి లెక్కలు తేలికై విసుగా, కష్టమై భయమా? ఎలా తెలుసుకోవాలి? అన్నట్టు, కథ చెబితే మాత్రం కదలకుండా గంట వింటాడు. ఇలాంటి పిల్లల్ని పెంచినవాళ్లు, టీచర్లు కాస్త చెప్పండి. డాక్టర్‌కి చూపించాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?