ఖిల్లా, కలతయూద్: రెండింటిలోనూ ఉన్నది ఒకే మాటా?

ప్రశ్న

స్పెయిన్‌లో అరగాన్ ప్రాంతపు పాత కట్టడాల గురించి చదువుతున్నాను. సరగోసాకు నైరుతిగా, హలోన్ నది ఒడ్డున కలతయూద్ అనే ఊరుంది. ఆ పేరుకు ‘అయ్యూబ్ కోట’ అని అర్థమట. ఇందులోని ‘కలత్’, మన ఖిల్లా వరంగల్, ఎలగందుల ఖిల్లాల్లోని ‘ఖిల్లా’ ఒకటేనా? ఒకటే అయితే మన దగ్గర లేని తకారం అక్కడెలా చేరింది? ఇంకో సందేహం కూడా ఉంది. ఆ ఊరి చర్చిల శైలిని ‘ముదేహర్’ అంటున్నారు. తెలుగులో ఏమని రాస్తే బాగుంటుంది?

జవాబు

రెండూ ఒకటేనండీ. కోటకు అరబ్బీ మాట ‘కల్అ’. అది పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చేసరికి ‘కిలా’ అయింది. దక్కన్‌లో కోటల వ్యవహారమంతా ఆ భాషల్లో నడిచింది కాబట్టి మనకు ఖిల్లా, కిల్లేదారు అలవాటయ్యాయి. పడమటి దారి వేరు. 711లో అరబ్బులు, ఉత్తర ఆఫ్రికా బెర్బర్లు ఐబీరియాకు (నేటి స్పెయిన్, పోర్చుగల్) చేరాక ఈ మాట నేరుగా అక్కడ పాదుకుంది, మధ్యలో పారశీకం లేదు. అక్కడ తొలి అచ్చు ‘అ’గానే నిలిచింది, ఉర్దూ మీదుగా వచ్చిన మన మాటలో ‘ఇ’ అయింది. స్పానిష్ నుంచి మనం తీసుకోలేదు, మన నుంచి వాళ్లూ తీసుకోలేదు. ఈ తేడా గట్టిగా చెప్పుకోవాలి. పోలిక కనబడగానే ఒక భాష మరోదానికి అప్పిచ్చిందని రాసేసే వ్యాసాలు ఈమధ్య ఎక్కువయ్యాయి.

ఇక తకారం సంగతి. నాకు ఇందులో ఎంతో ఇష్టమైన భాగం ఇదే. అరబ్బీలో ఇలాంటి నామవాచకాల చివర ఒక తకారం దాగి ఉంటుంది. మాట ఒంటరిగా ఉన్నప్పుడు వినబడదు. ‘ఫలానావారిది’ అంటూ వెనకాల మరో పేరు చేరగానే పైకి వస్తుంది. మనకు ‘ఇల్లు’ అన్నప్పుడు లేని టకారం ‘ఇంటి కప్పు’ అన్నప్పుడు రావడం లేదూ? ఔపవిభక్తికాలతో పెరిగిన మనకు ఇది చప్పున అందుతుంది. కల్అకు అయ్యూబ్ తోడైతే ‘కల్అత్ అయ్యూబ్’. అదే స్పానిష్ నోట కలతయూద్, చివరి బకారం దకారమైంది. రబాహ్ కోట కలత్రావా అయింది, గద్దల కోట కలతన్యసోర్ అయింది. వెనకాల పేరు లేకుండా, ముందు ‘అల్’ మాత్రమే చేరితే తకారం రాదు. అప్పుడు మాట అల్కలా. ‘డాన్ క్విక్సోట్’ రచయిత సెర్వాంటెస్ 1547లో పుట్టిన ఊరు అల్కలా దె ఎనారెస్ పేరులో ఉన్నది ఇదే. స్పెయిన్ పటం తెరిచి ‘కలత’, ‘అల్కలా’ అని మొదలయ్యే ఊళ్లను వెతకండి, చాలాచోట్ల కోట తగులుతుంది.

మన ‘బురుజు’ కూడా అక్కడుంది. సరగోసా ప్రాంతంలోనే బోర్హా అనే ఊరు, అరబ్బీ ‘బుర్జ్’ నుంచి వచ్చిన పేరే.

మరో సభ్యురాలు

తకారం వివరణ చాలా బాగుందండీ. మరి ఆ అయ్యూబ్ ఎవరు? కోట ఇప్పుడుందా, పేరు మాత్రమే మిగిలిందా?

మొదటి జవాబు రాసినవారు

అయ్యూబ్ 716లో అల్ అందలూస్‌ను, అంటే ముస్లిముల ఏలుబడిలోని ఐబీరియాను, కొన్ని నెలలు ఏలిన పాలకుడు. కోట కట్టించింది ఆయనేనని సంప్రదాయం. 862లో కార్డొవా అమీరు మొదటి ముహమ్మద్ దాన్ని పటిష్ఠం చేయించాడు. ఊరి పైనున్న కొండల మీద గోడలతో కలిసిన ఐదు కోటల సముదాయం ఇప్పటికీ ఉంది. స్పెయిన్‌లో మిగిలిన ఇస్లాం కాలపు కోటల్లో బాగా పాతవాటిలో అదొకటి.

ఆ కొండల నిండా జిప్సం. ఈ ఊరి కట్టడాల కథ సగం ఆ రాయితోనే నడుస్తుంది. కోట గోడలకు అదే. సాంతా మరియా చర్చికి 1525–1528 మధ్య చెక్కిన ముఖద్వారం అలబాస్టర్, అంటే జిప్సం జాతికే చెందిన మెత్తని తెల్లరాయి. జిప్సం నీటికి కరుగుతుంది కాబట్టి ఊరి కింద నేల కుంగుతూ ఉంటుంది, ఇళ్లు బీటలు వారతాయి. సాన్ పెద్రో దె లోస్ ఫ్రాంకోస్ చర్చి గంటగోపురం వీధి మీదికి వంగి నిలబడి ఉంది. ఇలాంటి నేల మీద పాత కట్టడాలను కాపాడుకోవడం పైపూతలతో అయ్యే పని కాదు, పునాదుల దగ్గర నుంచి చూసుకోవాలి.

ముదేహర్ విషయానికి వస్తాను. 1120లో అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సో ఈ ఊరిని గెలుచుకున్నాడు. ఏలిక మారినా ఊళ్లు విడవకుండా ఉండిపోయిన ముస్లిములే ముదేహర్లు. వాళ్లలో తాపీ పనివారు, వడ్రంగులు, కుమ్మరులు చాలామంది. పెద్ద మసీదు ఉన్న చోటే లేచిన సాంతా మరియా చర్చిలో లోపలి వసారాల చావడి, బలిపీఠం వెనక భాగం, ఎనిమిది పలకల ఇటుక గోపురం ఆ శైలివి. వరసల్లో కొన్ని ఇటుకలను కాస్త ముందుకు పొడుచుకొచ్చేట్టు పేర్చి, గోడ మీదే అల్లిక తెప్పిస్తారు. విడిగా అతికించిన నగిషీ ఏదీ ఉండదు, గోడే నగిషీ. తెరువెల్ ఊళ్లోని ఇలాంటి కట్టడాలను 1986లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన యునెస్కో, 2001లో ఆ జాబితాను పెంచినప్పుడు కలతయూద్ సాంతా మరియాలోని ఈ భాగాలను కూడా చేర్చింది.

ఇంకో సభ్యుడు

‘ముదేహర్’కు మూలం అరబ్బీ ‘ముదజ్జన్’. మచ్చికైన పశువులకు ‘దాజిన్’ అంటారు, అదే ధాతువు. కాబట్టి తెలుగులో ‘మాలిమి శైలి’ అంటే ఎలా ఉంటుంది? మంచి పాత మాట, పలకడానికి హాయిగా ఉంది.

మొదటి జవాబు రాసినవారు

మాట అందమైనదే, కాదనను. కానీ నాకు ఒప్పుదల లేదు, ఎందుకో చెబుతాను. ‘మాలిమి’ అనగానే లొంగదీసినవాడి చూపు వచ్చేస్తుంది. ఆ ఛాయ మూలపదంలో ఉన్న మాట నిజమే. అయితే దాన్ని ఆ గోపురాలు కట్టిన చేతుల మీద మనం మళ్లీ ఎందుకు రుద్దాలి? 15వ శతాబ్దపు తొలినాళ్లలో పోటీ పోపు పదమూడో బెనెడిక్ట్ కోసం పనిచేసిన మేస్త్రి పేరు మహోమా రామి. చర్చి నిర్మాణాలకు ఆయన్ను ఏరికోరి పిలిపించుకున్నారు. ఆ పనిని మచ్చికైనవాడి పని అనడానికి నాకు మనసొప్పదు.

పైగా ఈ పేరు కట్టడాల శైలికి పెట్టింది చాలా తర్వాత. 1859లో హోసే అమదోర్ దె లోస్ రియోస్ చేసిన ప్రసంగంతో వాడుకలోకి వచ్చింది. అప్పటికి ఆ మనుషులు అక్కడ లేరు. 1526లో అరగాన్ ముస్లిములను బలవంతాన మతం మార్పించారు, 1610లో వాళ్ల సంతతిని దేశం నుంచే వెళ్లగొట్టారు. ‘ఉండనిచ్చినవారు’ అని కూడా అర్థమున్న ఆ పేరు, ఉండనివ్వని రెండున్నర శతాబ్దాల తర్వాత గోడలకు దక్కింది. ఇంత చరిత్ర మోస్తున్న మాటను అనువదిస్తే సగం జారిపోతుంది. ‘ముదేహర్’ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యం వివరణ ఇస్తే చాలు. ‘ముదేజార్’ మాత్రం వద్దు, స్పానిష్‌లో ‘j’ అక్షరం పలుకు హకారానికి దగ్గర.

మేస్త్రి అన్నాను కదా, ఆ మాట మనకు పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చింది. స్పానిష్ ‘మాయెస్త్రో’ దానికి తోబుట్టువు. స్పెయిన్‌లో తాపీపనివాడిని ‘అల్బన్యీల్’ అంటారు, అరబ్బీ ‘అల్ బన్నా’ నుంచి. అంటే కట్టేవాడికి వాళ్లది అరబ్బీ మాట, మనది లాటిన్ కుటుంబపు మాట.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. ‘ముదేహర్’ అనే రాస్తాను. ఇంకొక్కటి అడగాలి. ఆ ఊరివాళ్లను ఏమంటారు? వ్యాసంలో ‘కలతయూదీలు’ అని రాసుకున్నాను.

మరో సభ్యురాలు

దాన్ని మార్చండి. వాళ్లు ‘బిల్బిలితానో’లు. దగ్గర్లోని కొండ మీద బిల్బిలిస్ అనే రోమన్ కాలపు పట్టణం శిథిలాలున్నాయి, లాటిన్ కవి మార్షల్ పుట్టిన ఊరు అది. ఊరి పేరు అరబ్బీది, ఊరివాళ్ల పేరు అంతకంటే పాతది. తెలుగులో ‘బిల్బిలితానోలు, అంటే కలతయూద్ వాసులు’ అని ఒకసారి రాసి, తర్వాత ఊరి పేరుతోనే నడిపిస్తే చదివేవారికి ఇబ్బంది ఉండదు.